నానమ్మ సమాధి దగ్గర నేనన్న మాట

దయ్యాల కథలు చెబితే నవ్వే మనిషిని నేను. కరెంటు ఆఫీసులో ఉద్యోగం, ఆదివారం చర్చి, అంతే నా జీవితం. పోయినవాళ్ళు తిరిగి రారని ఇప్పటికీ అంటాను. ఇది చెప్పడానికి ఇన్నాళ్ళు వెనకాడింది భయంతో కాదు, సిగ్గుతో.

మా నానమ్మ బర్మా మనిషి. రంగూన్‌కు కూలికి పోయిన తాతను పెళ్ళి చేసుకుని, యుద్ధం రోజుల్లో ఆయన వెంట అడవుల గుండా నడిచి వచ్చిందట. చివరికి పాతబస్తీ శాలిబండలో స్థిరపడ్డారు. చిన్నప్పుడు నాన్నను తోటి పిల్లలు చప్పిడిముక్కోడని ఏడిపించేవారట. అందుకే పెద్దయ్యాక వాళ్ళమ్మది గుంటూరని చెప్పుకునేవాడు. మేమూ అదే చెప్పాం.

నాన్న పోయాక, ఆయన అక్క, అంటే మా మేనత్త, మంచం పట్టింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "అమ్మను ఏడ పెట్టిన్రో యాదికొస్తలేదు కొడుకా. నేను పోయేలోపు జర దేవులాడు" అంది.

చర్చి రిజిస్టరులో నానమ్మ పేరు దొరికింది. సమాధి ఏ వైపో రాసిన చోట చెదలు తినేశాయి. ఒక శనివారం మధ్యాహ్నం పాతబస్తీలోని మా పాత శ్మశానానికి వెళ్ళి, రాళ్ళు తుడుచుకుంటూ పేర్లు చదివాను. గోడవారగా ఒక చిన్న రాయి. పైన "మరియమ్మ" అని నానమ్మకు చర్చిలో పెట్టిన పేరు, పక్కనే భర్తగా తాత పేరు. కింద గుండ్రటి అక్షరాలు. తెలుగే అనుకుని చదవబోయాను. ఒక్క అక్షరమూ పలకలేదు. తాత చెక్కించిన బర్మా రాత అది.

కళ్ళు తడిశాయి. సరిగ్గా అప్పుడే మా ఆఫీసాయన ఒకతను, వాళ్ళవాళ్ళ సమాధికి పూలు తెచ్చినవాడు, నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"గిదేం రాత అన్నా, చైనాదా? మీ ఖాందానోళ్ళేనా ఏంది?" అని నవ్వాడు.

"ఛ, మాకేం సంబంధం భాయ్. ఎవరో పరాయిది" అన్నాను. ఆయనతో పాటు నవ్వాను కూడా.

అక్కణ్ణుంచి నేరుగా మేనత్త ఇంటికే వెళ్ళాను. దారిలో ఎవరికీ ఫోన్ చేయలేదు. నాకో మేనత్త ఉందని ఆ ఆఫీసాయనకు తెలియనే తెలియదు.

మంచం చివర కూర్చోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడ కూసోకు. అమ్మ కూసుంది."

నిద్రమత్తులో ఉందనుకున్నాను. సమాధి దొరికిందని చెప్పడానికి నోరు తెరిచేలోపే, "పరాయిది అన్నవంట గదా. గట్లెట్లంటివి కొడుకా?" అంది.

"ఎవరు చెప్పిన్రత్తా?"

"అమ్మనే. గంత అడివి నడిచొచ్చింది గీ మాట పడనీకేనా అని అడుగుతుంది."

వంటింట్లో ఉన్న వాళ్ళ కోడలిని అడిగాను. పొద్దుటి నుంచి ఇంటికి ఎవరూ రాలేదంది.

మర్నాడు మా పిల్లలను శ్మశానానికి తీసుకెళ్ళి, "మా నానమ్మ. బర్మా నుంచి వచ్చింది" అని గట్టిగా చెప్పాను. సోమవారం ఆ ఆఫీసాయనకూ చెప్పాను. "అరే, గదే ముచ్చట మొన్ననే చెప్తే ఏమైతుండె అన్నా" అని టీకి పోయాడు. అంతే. అంత చిన్న విషయానికి నేను నానమ్మను కాదన్నాను.

మేనత్త మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇంకేం వినాల్సి వస్తుందోనని నేనూ అడగలేదు. కొన్నాళ్ళకు ఆమె కూడా పోయింది. వాళ్ళమ్మ పక్కనే పెట్టాం.

నా మాట మేనత్త చెవిన ఎలా పడిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. అన్నది మాత్రం నేనే.