పలక మీది ఆఖరి చుక్క

రెండు వేల పంతొమ్మిది మే నెలలో నన్ను పామిడి వైపు ఒక ఊరికి పంపారు. భూగర్భజల శాఖలో జియాలజిస్టును. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉంది. ఆ ఊళ్లో బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోతున్నాయి. కారణం తేల్చి నివేదిక ఇవ్వాలి.

నేలలోకి ఇనుప కడ్డీల ద్వారా కరెంటు పంపి, అడుగు రాతిలో నీటి పగుళ్లు ఎక్కడున్నాయో లెక్కగట్టడం మా పని. దాన్ని రెసిస్టివిటీ సర్వే అంటాం. ఆ ఊళ్లో మాత్రం బోరు పాయింటు చూపేది ఓబులేసు అనే రైతు దగ్గరున్న పలక. తొలకరి తర్వాత వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకబోయి అతను తెచ్చుకున్న నల్లరాయి అది. దాని మీద సన్నని దారులు, దారుల్లో తెల్లచుక్కలు, నోరు తెరిచినట్టు చీలిక ఉన్న ఒక పసుపుపచ్చ గుండు. పలకను చేలో పెడితే గుండు తనంతట తానే దొర్లి, ఒక చుక్కను మింగి ఆగేది. పలక పెట్టిన చోట తవ్వితే నీళ్లు పడేవి. ఇది నేను కళ్లారా చూశాను.

సర్వే ముగిశాక నా పటాన్ని పలక పక్కన పెట్టాను. రాతి పగుళ్లు, పలక మీది దారులు ఒకటే. చుక్కలు మాయమైన చోట్లన్నీ ఎండిన బోర్లే. పలక కొత్త నీళ్లు తేవడం లేదు, ఒకరి బోరులోవి మరొకరికి మళ్లిస్తోంది. మిగిలింది ఒకే చుక్క. అది ఊరి తాగునీటి బోరు.

నీళ్లందక ఓబులేసు చీనీతోట, అంటే బత్తాయి తోట, అప్పటికే ఆకు రాలుస్తోంది. ఆఖరి చుక్కను తోటకు మళ్లించొద్దన్న నా మాట విని అతను నవ్వాడు. చిన్నప్పుడు గుంతకల్లు స్టేషను దగ్గర వీడియో ఆటల అంగట్లో, పసుపు గుండు దారుల వెంట చుక్కలు తినే ఇదే ఆట ఆడాడట.

"చుక్కలన్నీ తింటే ఆట అయిపోదు మేడమ్. బోర్డు మళ్లా నిండుతాది. అందరి బోర్లూ నిండుతాయి. ఆడ దయ్యాలు తరుముతా ఉండె, ఈడ అవి గూడా లేవు."

"ఎందుకు లేవు, మనం లేమా?" అంది అతని భార్య లక్ష్మీదేవి. తర్వాత ఎండుకొమ్మ ఒకటి విరిచి నా చేతిలో పెట్టింది. "వద్దంటాండావు, సరే. వీటికి నీళ్లు యాడ నుంచి తెచ్చిస్తావో అది చెప్పమ్మా."

పటం మళ్లీ చూశాను, మరే పగులులోనూ నీళ్లు లేవు. తాగునీటి బోరును దెబ్బతీసే బోర్లను ఆపే వాల్టా చట్టం ఒకటుంది. దాని కింద నోటీసు రాసి గ్రామసభలో చదివాను. బోర్లు ఎండినవాళ్లంతా ఓబులేసు పక్కన నిలబడ్డారు. బోర్డు నిండితే తమవీ నిండుతాయి కదా.

శుక్రవారం పొద్దున ఓబులేసు తోటలో టెంకాయ కొట్టి పలక పెట్టారు. గుండు దారులన్నీ తిరిగి ఆఖరి చుక్కను మింగింది. రిగ్గు దింపితే నీళ్లు ఎగజిమ్మాయి. ఎవరూ అటు చూడలేదు. పలక చుట్టూ కూర్చుని చుక్కల కోసం ఎదురుచూశారు. సాయంత్రానికి దారులు కూడా చెరిగిపోయి, నున్నని రాయి మిగిలింది.

మర్నాడు ఊరి కొళాయి ఆగింది. ఊరంతా బిందెలతో ఓబులేసు బోరు దగ్గరికే వచ్చింది. అతను కాదనలేదు. చెట్లకేమీ మిగల్లేదు. ఆగస్టులో ఆ బోరూ నీళ్లయిపోయి గాలి పోసింది. లక్ష్మీదేవి తోట కొట్టించి కట్టెలకు ఇచ్చేసింది. ఇప్పుడా ఊరికి ట్యాంకరు వస్తుంది, వచ్చిన రోజున.

నా లెక్క తప్పలేదు. అది ఎవరికీ పనికిరాలేదు. నీళ్లు చూపలేని అధికారి ఇచ్చే నోటీసుకు చట్టం అండ ఉంటుంది గాని, వినేవాళ్లు ఉండరు.