రెండో స్థానంలో ఒక ఆవిడ

మంచు మీద నాకు ద్వేషం ఏమీ లేదు. మంచు మీద నాట్యం చేసినవాళ్ల మీదా లేదు. ఉన్నదల్లా మా టీమ్ లీడ్ మీదే. ఆ ద్వేషాన్ని ఏడాదిగా కుడితి పెట్టి బర్రెను మేపినట్టు మేపుతున్నాను. ఇప్పుడది నాతోపాటు లిఫ్టులో పట్టడం లేదు.

ఖాజాగూడలో పుట్టి, పుప్పాలగూడలో ఫ్లాటు కొనుక్కుని, ఆ రెండింటి మధ్యనే యాభై రెండేళ్లు వెళ్లదీసిన మనిషిని నేను. మంచు అంటే నాకు తెలిసింది చెరుకు రసం బండి మీద గోనెసంచిలో చుట్టి పెట్టే గడ్డ ఒక్కటే. అలాంటి నన్ను హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం తొమ్మిదో అంతస్తులో కూర్చోబెట్టి, నూరేళ్ల కిందట ఐరోపా మంచు మీద ఎవరు మొదట నిలిచారో, ఎవరు మూడోవారో తేల్చమన్నారు. మా అంతస్తు ఏసీ సంగతి కూడా చెప్పాలి. పొద్దున డబ్బాలో తోడు వేసి తెచ్చిన పాలు సాయంత్రానికీ పాలే. ఒకసారి ఎదుటి సీటాయన తుమ్మితే, ఆ తుమ్ము దారిలోనే గడ్డకట్టి నా కీబోర్డు మీద టక్కున పడింది. సాక్షులు ఉన్నారు గానీ, అందరూ జలుబుతో సెలవులో ఉన్నారు.

పని ఇది. విదేశంలో ఒక క్లయింటు పాత ఆటల చరిత్రను పట్టికలుగా పేర్చుకుంటున్నాడు. ఫిగర్ స్కేటింగ్ తొలినాళ్ల అంతర్జాతీయ పోటీలు మా టీమ్ వాటాకు వచ్చాయి. పాత పత్రికల స్కాన్లు చూసి, ఏ ఏడు బంగారం ఎవరిది, వెండి ఎవరిది, కంచు ఎవరిది అని గళ్లు నింపాలి. ప్రతి గడి పక్కనా ఆధారం రాయాలి. గడి ఖాళీగా ఉన్నా, లెక్క కుదరకపోయినా తెర మీద ఎర్రబడుతుంది. ఎర్రగడి కనబడితే మన పేరిట ఒక డిఫెక్ట్. మూడు డిఫెక్టులకు ప్రాజెక్టు నుంచి అవతలికి. ఆ తరువాత బెంచీ. బెంచీ అంటే పని లేకుండా జీతం అనుకునేరు. నా వయసువాడికి అది హెచ్చార్ అమ్మాయి నవ్వుతూ పిలిచేదాకా కూర్చునే చోటు. ఆ నవ్వు ఇద్దరి విషయంలో చూశాను. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. అంటే, బతికే ఉన్నారు, ఆఫీసులో లేరు.

చదివేకొద్దీ ఆ పోటీలు నాకు నచ్చసాగాయి. అప్పట్లో అవి చాలావరకు కాలితో వేసే ముగ్గులు. స్కేటు అంచుతో మంచు మీద సున్నలు, ఎనిమిదులు గీసి, గీసిన గీత మీదే మళ్లీ నడవాలి. న్యాయనిర్ణేతలు వంగి, గీత గీతలో కలిసిందా లేదా అని చూసేవారు. మా అమ్మ వాకిట్లో చుక్క తప్పితే పక్కింటామె వంగి చూసినట్టే. పైగా పోటీకి జనం కరువు. ముగ్గురు వచ్చారంటే ముగ్గురికీ పతకాలే.

ఒక ఏడాది జంటల పోటీకి వచ్చింది ఒకే ఒక్క జంట. బంగారం వాళ్లకు ఇచ్చేసి అందరూ ఇళ్లకు పోయారు. నేను వెండి, కంచు గళ్లు ఖాళీగా వదిలాను. లీడ్ నా కుర్చీ వెనక ప్రత్యక్షమయ్యాడు. గోదావరి జిల్లా వాడు, ముప్పై ఏళ్లు ఉంటాయి. వాడి నోట ‘అండి’ మర్యాదకు రాదు, సూదికి దారంలా వస్తుంది.

“ఖాళీ వదిలేశారేంటండీ?”

“ఎవ్వరు రాలే తమ్మీ. వచ్చింది ఒక్కటే జంట.”

“రాకపోతే కింది వరసలో ఉన్న ఏడాది వాళ్లను పైకి లాగండి. గడి నిండాలి కదండీ.”

“గిదేంది, పెండ్లికి రానోళ్ల పేరు మీద కట్నం సదివించినట్టు?”

“రెండు ఖాళీలు, రెండు డిఫెక్టులు. వేసేశానండి.”

సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ రోజు భయపడ్డాను. మరుసటి ఏడాది పోటీలో నిజాయితీగా ఓడిపోయిన రెండు జంటలను లాక్కొచ్చి, వాళ్లు అడుగు పెట్టని మంచు మీద పతకాలు కట్టబెట్టాను. ఆధారం గడిలో మాత్రం ‘టీమ్ లీడ్ నోటిమాట’ అని రాసి వదిలాను. ఆ మాత్రం దుర్మార్గం నాలో ఎప్పుడూ ఉంటుంది.

ఆ తరువాతి వారం ఆవిడ తగిలింది.

మగవాళ్ల ప్రపంచ పోటీ. నిబంధనల్లో ఆడవాళ్లు రాకూడదని ఎక్కడా లేదు, ఎందుకంటే వస్తారని ఎవరూ కల కూడా కనలేదు. ఆవిడ వచ్చింది. పొడుగు పావడాతో మగవాళ్ల మధ్య మంచు మీదికి దిగి రెండో స్థానంలో నిలిచింది. పెద్దమనుషులు ఉలిక్కిపడి, ఆ తరువాత కూర్చుని, ఇకపై ఆడవాళ్లు మగవాళ్లతో పోటీ పడరాదని తీర్మానించారు. చెప్పిన కారణాల్లో ఒకటి, పావడా వల్ల పాదాలు కనబడవని. నేను వెండి గడిలో ఆవిడ పేరు రాశాను. గడి భగ్గున ఎర్రబడింది. మగవాళ్ల పోటీలో ఆడపేరు ఉండకూడదని మా సాఫ్ట్‌వేర్‌కు కూడా ఎవరో తీర్మానం నేర్పారు.

ఇంటికి వెళ్లి చెబితే నా భార్య చపాతీ తిప్పుతూ అడిగింది.

“గామె నీకు చుట్టమా?”

“కాదు.”

“మరి మన బువ్వల మన్ను పోసుకుంటవా గామె కోసం?”

ఆ చపాతీ తిని పడుకున్నాను. పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి లీడ్ నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అంతస్తంతా అటే చూస్తోంది. ఫైలు ఆ సాయంత్రం అయిదుకు క్లయింటుకు చేరాలి.

“ఆవిడను తీసేసి, మూడోవాణ్ని రెండుకు, నాలుగోవాణ్ని మూడుకు జరపండి. రెండు నిమిషాల పనండీ.”

“గామె గెలిసింది తమ్మీ. పేపర్ల ఉన్నది, జర కండ్లు పెట్టి సూడు.”

“నేను పేపర్ చూడనండి, రంగు చూస్తాను. ఎరుపు పోవాలి.”

“ఎరుపు పోవాలంటే ఆమె పోవాల్నా? అప్పుడు పెద్దమనుషులు ఎల్లగొట్టిండ్రు, ఇగ ఇప్పుడు నువ్వా?”

“మీకు రెండున్నాయి. ఇది మూడోది. గుర్తుంది కదండీ?”

గుర్తుంది.  నా గొంతు బోనాల డప్పులా మోగిందని తరువాత చెప్పుకున్నాను. నిజానికి పిల్లిలా వచ్చింది.

“నేను రాయ. నీకంత ఫికర్ ఉంటే నువ్వే మార్సుకో.”

“మారుస్తానండీ. మీ వయసుకు గౌరవమిచ్చి ఇన్నాళ్లూ ఊరుకున్నాను.”

వాడు తన సీటుకు వెళ్లి గడి తెరిచాడు. ఇక్కడే వాడి ప్రాసెస్ వాణ్ని కరిచింది. ఒకరు నింపిన గడిని ఇంకొకరు మారిస్తే, మార్చినవాడి పేరు, కారణం, ఆధారం నమోదు చేయాలి. అది చెరిపితే పోయేది కాదు, నేరుగా క్లయింటుకు కనబడుతుంది. ఆధారం కోసం స్కాన్ తెరిస్తే అందులో ఆవిడే రెండో స్థానంలో నిలబడి ఉంది. ఇంతకుముందు ఇలాంటి చోట నేనేం రాశానోనని జంటల పట్టికలోకి పోయాడు. ‘టీమ్ లీడ్ నోటిమాట’. రెండుసార్లు.

వాడి మెడ మీదికి పాకిన ఎరుపును నేను పది గజాల దూరం నుంచి, పండగ నాడు మిఠాయి తిన్నట్టు తిన్నాను.

“ఇదేంటండీ ఇది?” అని అరిచాడు.

“ఆధారం తమ్మీ. నువ్వే జెప్పినవ్ గద.”

నాలుగున్నర దాకా వాడి వేళ్లు కీబోర్డు మీద అంగుళం ఎత్తున ఆడాయి, దిగలేదు. జంటల గళ్లు రెండూ, ఆ స్కాన్‌నే ఆధారంగా చూపి, మళ్లీ ఖాళీ చేశాడు. ఆవిడ పేరును ముట్టుకోలేదు. మూడు ఎర్రగళ్లతో ఫైలు వెళ్లింది. వెళ్లిన మరుక్షణం నా పేరిట మూడో డిఫెక్ట్ పడింది. కారణం గడిలో ‘మాట వినలేదు’ అని ఉంది. వాడు రాసినవాటిలో ఆధారం ఉన్నది అదొక్కటే.

ఇప్పుడు నేను బెంచీ మీద ఉన్నాను. హెచ్చార్ అమ్మాయి ఇంకా నవ్వలేదు గానీ, నన్ను చూసినప్పుడల్లా పళ్లు సర్దుకుంటోంది. నాకిచ్చిన కుర్చీ మీటింగు గది అద్దానికి ఎదురుగా, లోపలి మాట వినబడేంత దగ్గర్లో ఉంది. నెలకోసారి లోపల పైవాళ్లు కూర్చుంటారు. గోడ మీద పట్టిక వెలుగుతుంది, ఎర్రగళ్లు మెరుస్తాయి. ప్రతిసారీ ఒక కొత్త పెద్దాయన వేలు చూపించి ఇదేంటని అడుగుతాడు. మా లీడ్ లేచి నిలబడి, నోరారా ద్వేషిస్తూ, ఆవిడ పేరు పలికి, ఆవిడ మగవాళ్లలో రెండో స్థానంలో ఎలా నిలిచిందో మొదటి నుంచీ చెప్పుకొస్తాడు. మొన్న పావడా దగ్గరికి వచ్చేసరికి నన్ను చూశాడు. నేను చెయ్యి ఊపాను.