కారు కింద పేపరు

మా మామ, అంటే మా ఆవిడ తండ్రి, మంగళవారం పొద్దున కేజీఎఫ్‌లో పోయాడు. చూడవచ్చినవాళ్ళంతా ఆయనది వెన్నలాంటి మనసన్నారు. వెన్నా లేదు, పాడూ లేదు. నోరు తెరిస్తే ఎవడో ఒకడి పరువు తీసేవాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా!

ఆయన అక్కడి బంగారు గనిలో ఫిట్టరు. మనుషులను లోపలికి దించే కేజు, దాని ఇనుపతాడు చూసే పని. గని దొరల చేతిలోంచి సర్కారుకు పోయాక చేరినవాళ్ళకు స్పానరు పట్టడమే రాదని ఆయన తీర్మానం. ఆయన చేరిందీ ఆ తర్వాతే. ఆ సంగతి ఎత్తితే కాఫీ గ్లాసు పక్కకు జరిపి లేచిపోయేవాడు.

నాకు బేతమంగళ రోడ్డులో కార్ల షెడ్డుంది. పిల్లనిచ్చాడే కానీ పనివాడినని ఒప్పుకోలేదు. అల్లుడేం చేస్తాడని ఎవరడిగినా "పంచర్లు ఏస్తా ఉండాడు" అనేవాడు. నేను జన్మలో పంచరు వేయలేదు. ఆయన నోట ఒక్కసారి ఫిట్టరనిపించుకోవాలని నాకు పంతం.

ఆయన పాత కారుకు క్లచ్ నూనె కారడం మొదలైంది. చూస్తానంటే అక్కర్లేదన్నాడు. గనిలో వాడే యంత్రాల నూనె ఒక డబ్బా దాచుకున్నాడు, అది తెచ్చి పోశాడు. అది పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయని మొత్తుకున్నాను.

"గని నూనెప్పా ఇది. మీ అంగళ్ళలో అమ్మే నీళ్ళు కాదు," అన్నాడు.

మా ఊరికి ఇదొక జబ్బు. గని తాళం, గని మేకు, గని సబ్బు. గని మూతపడినా జబ్బు వదల్లేదు.

అత్తను ఆవని గుడికి తీసుకుపోతుంటే ఉబ్బిన రబ్బరు చిరిగింది, నూనెంతా పోయింది, పెడలు నేలకంటింది. క్లచ్ లేకుండానే కారును గేరులో స్టార్ట్ చేసి, ఇంజను మోత వింటూ గేర్లు మార్చుకుంటూ ఇంటిదాకా తోలుకొచ్చాడట. ఆ గొప్ప బతికినన్నాళ్ళూ చెప్పాడు. ఎందుకలా తోలాల్సి వచ్చిందో మాత్రం చెప్పలేదు.

మర్నాడు కారు ఎవరిచేతో తోయించి నా షెడ్డు ముందు పెట్టించాడు. తాను రాలేదు. పైపులు కడిగి, పైనా కిందా ఉన్న రెండు క్లచ్ సిలిండర్లలోనూ రబ్బర్లు మార్చి, సరైన నూనె పోసి, గాలి బుడగలు పోయేదాకా కాస్త కాస్త కిందికి వదిలి, ఇంటికి చేర్చాను. బాగుందనలేదు. పాత పేపరొకటి తెచ్చి క్లచ్ కిందికి వచ్చేలా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు.

"కేజు తాడు బాగుండాదని నేనెప్పుడూ అనలేదు. పొద్దున చూస్తాం, దిగుతాం. అంతే," అన్నాడు.

అప్పట్నించి రోజూ పేపరే. ఒక్క చుక్క పడితే నన్ను బజారుకీడ్చాలని ఆశ. పడితే కదా! ముఖం చిట్లించుకుని, అత్తను ఎక్కించుకుని, శ్రీనివాసపురం మామిడి మండీకి పోయేవాడు. ఇప్పుడు నా షెడ్డులో బాగుచేసిన ప్రతి బండి కిందా పేపరుంటుంది. అది ఆయన పుణ్యమే. ఒప్పుకోవాలంటే ఒళ్ళు మండుతోంది.

దహనం అయ్యాక మామ ఇంటికొచ్చి కారు కింద వంగి చూశాను. ఆయన చివరిసారి పరిచిన పేపరు అలాగే ఉంది. అత్త గడపలోంచి అడిగింది.

"చుక్క పడిండాదా నాయనా?"

లేదన్నాను.

"పడదులే. 'మన ఫిట్టరు చేసింది, పడదే' అని రోజూ నాతో అంటా ఉండె."

ఆ మాట నా మొహాన అనడానికి ఏం రోగమొచ్చింది ఆ మనిషికి? కళ్ళు తుడుచుకుని, పాత పేపరు తీసి కొత్తది పరిచాను. నాలుగు మూలలా ఆయన రాళ్ళే పెట్టాను.