సమాధుల తోటలో చలవాకు

చలవాకు గురించి మా ఊరి బయట ఎవరికీ తెలియదు. తెలియాల్సినంత గొప్ప మొక్కేం కాదు. జానెడు ఎత్తు, బూడిదరంగు ఆకు, నలిపితే పచ్చి కొబ్బరి వాసన. నల్లరేగడి నెర్రెలిచ్చాక ఆ నెర్రెల్లోంచి పుడుతుంది. విత్తనాలను చీమలు మోసుకెళ్లి లోపల దాచుకుంటాయి, అవి తినగా మిగిలినవే మొలకెత్తుతాయి. దున్నే నేలలో చీమల పుట్టలు నిలవవు కాబట్టి పొలం గట్ల మీదే బతికేది. గట్లకు కూడా గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక అక్కడా పోయింది. పొదిలి వైపు మా పుట్టింటి ఎర్రనేలల్లో అసలు లేదు, పెళ్లయి వచ్చాకే నేను దాన్ని చూశాను.

చివరికి అది మిగిలిన చోటు మా క్రైస్తవుల సమాధుల తోట. అక్కడ దున్నేదెవరు? ఎక్కువగా మా ఆయన సమాధి చుట్టూనే ఉండేది. ఆయన పోయి రెండేళ్లు. నాకు ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుందన్నారు అందరూ. నేనేం చేసుకోలేదు, అదే అయింది.

మా అత్త మిరప కల్లాల్లో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. సాయంత్రానికి చేతులు మండిపోతాయి. ఆ మంటకు చలవాకే మందని ఊళ్లో అనేవాళ్లు. నేను పత్తి మిల్లు నుంచి వస్తూ తోటలోకి వెళ్లి గుప్పెడు ఆకు కోసుకొచ్చేదాన్ని.

"తెచ్చావా?" అనేది.

"తెచ్చానత్తా."

నూరి అరచేతులకు పట్టించుకునేది. కొడుకుని మట్టి చేశాక ఆమె ఆ తోటలో అడుగు పెట్టలేదు, ఆ మాటే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ ఆకు కూడా లేకపోతే మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదని నాకు భయంగా ఉండేది.

ఈ ఏడు ఈస్టర్ ముందు నేను వారం రోజులు పుట్టింటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా మరిది వాళ్లన్న సమాధికి సున్నం వేసి, పనిలో పనిగా తోటంతా గడ్డిమందు కొట్టేశాడు. పాపం, అన్న మీద ప్రేమే.

"చూశావా వదినా, ఒక్క కలుపు మొక్క లేదు," అన్నాడు సంబరంగా.

చలవాకు ఎండి, ముట్టుకుంటే పొడి అవుతోంది. చీమలూ కనబడలేదు. చెడామడా తిట్టాల్సింది. కోపం కూడా రాలేదు. "బాగుందిలే" అన్నాను.

ఇంటికి వెళ్లేసరికి అత్త గడప మీద కూర్చుని ఉంది.

"తెచ్చావా?"

"లేదత్తా. తోటలో మందు కొట్టారు, అంతా పోయింది. మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ తెస్తాలే, మంట తగ్గుద్ది."

కందిపోయిన అరచేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"ఆకుతో మంటెప్పుడు తగ్గిందే?" అంది. "వాడి మీద మొలిచిందని రాసుకునేదాన్ని."

పక్కన కూర్చుని ఆ రెండు చేతులూ పట్టుకున్నాను. కాసేపటికి వాటి కారం అంటి నా చేతులూ మండటం మొదలైంది. వదల్లేదు.