మా అత్త ఇష్టపడ్డ ఈగలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఈగలంటే ఇష్టపడే మనిషి ఒకామె ఉండేది. నాన్నకు అక్క, నాకు మేనత్త. ఊళ్ళో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పేది. పెళ్ళి వద్దనుకుని తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. కంచరపాలెంలో రైలు పట్టాలకు ఇవతల, మురుగు పారే గెడ్డకు ఆనుకుని మా ఇల్లు. నాన్న పోర్టులో షిఫ్టుల మీద క్రేను నడిపేవాడు. తొంభైల నాటి ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అందరి అలసటే. నాన్న షిఫ్టు దిగి వచ్చి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడేవాడు. అత్త రెండు బస్సులు మారి, నిలబడే వచ్చేది. అమ్మ ఎప్పుడు అలిసిపోయేదో మాలో ఎవరమూ గమనించేవాళ్ళం కాదు.

అత్త అలసట ఈగల దగ్గర తీరేది. రాగానే కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని పెరట్లో మునగచెట్టు కింద పీట వేసుకునేది. పిట్టగోడ మీద ఒక పళ్ళెంలో మగ్గిపోయిన అరటిపండు పెట్టి ఉంచేది. దాని మీదకు ఏవేవి వచ్చి వాలతాయో చూడడం ఆమె సరదా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేది. మనకు ఈగ అంటే అన్నం మీద వాలేది ఒక్కటే. అత్తకు మాత్రం అవి ఒక ఊరి జనమంత. ఎవరి తీరు వారిది.

ఆకుల మీద పొడుగు కాళ్ళతో అటూ ఇటూ పరిగెత్తే సన్నటి ఈగ ఒకటుండేది. ఒళ్ళంతా పచ్చ రంగు మీద బంగారం అద్దినట్టు మెరిసేది. బాత్రూం గోడకు అతుక్కుని ఉండే నూగు రెక్కల బుల్లి ఈగ, రెక్కలు ముడుచుకుంటే పేకముక్క మీది ఆఠీను గుర్తులా కనబడేది. గేదెల వెంటపడే జోరీగను అందరూ తిడతారు కదా, దాని కళ్ళల్లో ఇంద్రధనుస్సు గీతల్లాంటివి ఉంటాయని అత్త చూపిస్తేనే నాకు తెలిసింది. ఆ ఈగ చచ్చిపోతే కళ్ళ రంగులు మాసిపోతాయట. అందుకని దాన్ని బతికుండగానే చూడాలనేది. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైనది కందిరీగలా పసుపు చారలున్న ఒక ఈగ. అది పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడిపోతుంది. దానికి కుట్టే ముల్లు లేదు, వట్టి వేషమే. ఆ వేషం చూసి పిట్టలు జడుస్తాయి.

ఆదివారాలు అత్తలాంటి వాళ్ళు ఇద్దరు వచ్చేవారు. ఒకావిడ అత్తతో పాటు కాలేజీలో చెప్పేది. రెండో ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ముగ్గురూ కలిసి సింహాచలం కొండ వైపు ఈగలు చూడడానికి వెళ్ళేవారు. బయల్దేరే ముందు మా అరుగు మీద టీలు తాగుతూ ఏ ఈగ గొప్పదని వాదించుకునేవారు. ఎగిరే పురుగును ఎగురుతుండగానే పట్టేసే మీసాల ఈగకు పెద్దాయన అభిమాని. ఆవిడకు అరకు వైపు వాగు పక్కన చూసిన ఈగ మీద మోజు. దాని కళ్ళు తలకు రెండు పక్కలా పుల్లల చివర పెట్టినట్టు ఉంటాయి. మగవి రెండు ఎదురెదురుగా నిలబడి ఎవరి కళ్ళు ఎంత దూరంగా ఉన్నాయో చూసుకుంటాయట. తక్కువైనది చాలాసార్లు తనే తప్పుకుంటుందట. అమ్మ చంకలో నా పసితమ్ముణ్ణి పెట్టుకుని ఈ వాదన వింటూ నవ్వేది. "సినిమా హీరోల కోసం కొట్టుకున్నట్టు కొట్టుకుంతన్నారు మీరు," అనేది.

ఆ తమ్ముడు అప్పటికి కూర్చోవడం నేర్చుకుంటున్నాడు. ఆ ఏడు వానలు గట్టిగా పడి గెడ్డ పొంగింది. మా వీధిలో చాలా ఇళ్ళల్లో పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. తమ్ముడికీ వచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాడు మళ్ళీ ఇంటికి రాలేదు. అంతకన్నా వివరంగా ఈ వయసులో కూడా నేను చెప్పలేను.

తరవాత ఒక డాక్టరమ్మ వీధిలోకి వచ్చి అందరికీ జాగ్రత్తలు చెప్పింది. నీళ్ళు కాచుకోమంది, చేతులు కడుక్కోమంది, ఈగలు వాలినవి పిల్లలకు పెట్టొద్దంది. అమ్మ చెవిలో ఈగ అన్న మాట ఒక్కటే నిలిచిపోయింది. ఆ రోజు నుంచి తాటాకు విసనకర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఈగలను కొట్టడమే పనిగా పెట్టుకుంది. తిండి లేదు, నిద్ర లేదు. కళ్ళు మూతలు పడుతున్నా చెయ్యి మాత్రం లేచేది. ఇల్లంతా ఫినాయిలు వాసన. గోడ మీది పళ్ళేన్ని అమ్మే తీసి గెడ్డలోకి విసిరేసింది.

అత్త గదిలో అద్దాల మూతలున్న పెట్టెలు ఉండేవి, ఆమె దాచుకున్న ఈగలు వాటిలో వరసగా ఉండేవి. ఒకరోజు అమ్మ వాటి ముందు నిలబడి, గొంతు కూడా పెంచకుండా అంది: "నా సంటోణ్ణి తినీసినవాట్ని నువ్వు అద్దాల పెట్లో ఎట్టుకుని సూసుకుంతన్నావు వొదినా."

మర్నాడు అత్త ఆటో పిలిపించి పెట్టెలన్నీ కాలేజీకి తీసుకెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి మునగచెట్టు కింద పీట వెయ్యలేదు.

ఆ లోగా ఇంకో సంగతి బయటపడింది. వీధి చివర మంచినీళ్ళ గొట్టం పగిలి గెడ్డ నీళ్ళు అందులో కలుస్తున్నాయని తవ్వి చూసినవాళ్ళు చెప్పారు. నాన్న ఆ కబురు ఇంటికి తెచ్చాడు. అమ్మ విన్నదో లేదో తెలియదు. విసనకర్ర ఆగలేదు. ఇప్పుడైనా అత్త నోరు విప్పుతుందని, నా తప్పు కాదు, నా ఈగల తప్పూ కాదు అంటుందని నేను ఎదురుచూశాను. అనలేదు.

తరవాతి ఆదివారం ఆమె స్నేహితులిద్దరూ వచ్చారు. వాన వెలిసింది, కొండ మీద బాగుంటుంది, కాస్త గాలి మారినట్టూ ఉంటుందని పెద్దాయన పిలిచాడు. అత్త వాళ్ళను అరుగు దగ్గరే ఆపి, రానని చెప్పి పంపించేసింది. లోపలికి వచ్చి వంటింట్లోంచి రెండో విసనకర్ర తెచ్చుకుంది. అమ్మ పక్కన నేల మీద చతికిలబడింది.

"నువ్వా గుమ్మం సూడు పిల్లా. ఈ పక్క నాను సూత్తాను," అంది అమ్మతో.

అని, ఎదురుగా గచ్చు మీద వాలిన ఈగను ఒక్క దెబ్బ కొట్టింది. ఇంట్లోకి ఈగ వస్తే గాజు గ్లాసు బోర్లించి, కింద కాగితం దూర్చి, బయటికి తీసుకెళ్ళి వదిలిపెట్టే చెయ్యి అది. అమ్మ ఒకసారి తలతిప్పి చూసింది. మళ్ళీ గుమ్మం వైపు తిరిగింది. ఇద్దరూ ఈగలు కొడుతూ అలాగే కూర్చున్నారు. మధ్యలో అత్త లేచి గచ్చు కడిగింది, కాలవలో బ్లీచింగు చల్లింది, అన్నం గిన్నె మీద గుడ్డ కప్పి వచ్చి మళ్ళీ కూర్చుంది. వారం మొత్తంలో కాలేజీకి సెలవు ఆ ఒక్క రోజే. ఆమె మొహం పీక్కుపోయి ఉంది.

మధ్యాహ్నం దాటాక అమ్మ మాట్లాడింది. వాడు పోయాక వాడి గురించి అమ్మ నోటి వెంట వచ్చిన మొదటి మాట అది.

"ఆడికి కింద పన్ను మొలిసింది వొదినా. నువ్వు సూసావా?"

"సూసాను. సెంచా తగిల్తే టక్కుమనేది."

"అవును, టక్కుమనేది," అంది అమ్మ. అంటూనే ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. అత్త ఊరుకోమనలేదు. ఏడుపు సన్నబడ్డాక అమ్మ అలాగే పక్కకు ఒరిగి అత్త ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా. అత్త కాళ్ళు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉంచి అమ్మ మొహం మీద ఈగ వాలకుండా విసురుతూ కూర్చుంది.

నేను దగ్గరికి జరిగి గుసగుసగా అడిగాను. "నీళ్ళ వల్లేనని నాన్న చెప్పాడు కదా అత్తా. ఆ మాట నువ్వు అమ్మకు చెప్పొచ్చు కదా."

అత్త విసనకర్ర చెయ్యి మార్చుకుంది. "నీల్ల వల్లే అయ్యుంటాది. కాని నా అరటిపండు వల్ల కాదని నాకు మాత్రం ఏటి తెలుసు? నాకిష్టమని ఆ మురికీగ మంచిదైపోదు కదమ్మా. అది రోగాలు మోస్తాది. అయినా ఇప్పుడా మాట నానంటే నన్ను కాపాడుకోడానికి అన్నట్టుంటాది. మీ అమ్మకి దాంతో పనేటి?"

సాయంత్రం ఎండ గుమ్మంలోంచి లోపలికి వచ్చేదాకా అమ్మ లేవలేదు. అత్త కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేక గోడ పట్టుకుంది.

ఆ వానాకాలమంతా ఆదివారాలు అలాగే గడిచాయి. మామూలు రోజుల్లో కూడా కాలేజీ నుంచి రాగానే అత్త అమ్మ పక్కన కూర్చునేది. మెల్లగా అమ్మ తినడం మొదలుపెట్టింది, నిద్రపోవడం మొదలుపెట్టింది. విసనకర్ర ఒక్కోరోజు గూట్లోనే ఉండిపోయేది.

చలికాలం వచ్చేసరికి అమ్మ రంగు డబ్బాల్లో బంతి మొక్కలు పెంచింది. ఒక పొద్దున నీళ్ళు పోస్తూ పెరట్లోంచి కేక వేసింది. "వొదినా, బేగి రా." ఇద్దరం పరిగెత్తాం. అమ్మ చెంబు పట్టుకున్న చేతిని కదపకుండా నిలబడి ఉంది. ఆ చేతికి ఎదురుగా, గాల్లో, పసుపు చారల ఈగ ఆగి ఉంది.

"ఇదేటిది? ఉన్నసోటే ఉండిపోనాది."

అత్తకు ఎన్ని మాటలు నోటిదాకా వచ్చి ఉంటాయో నాకు తెలుసు. "అదా? అన్నం మీద వాలదు, కుట్టదు," అని మాత్రం అంది.

అమ్మ ఇంకాసేపు చూసింది. ఈగ పువ్వు మీద వాలింది. అప్పుడు చెంబు కింద పెట్టి, మా వైపు చూడకుండానే అంది: "నీల్ల వల్లేనని నాకప్పుడే తెలుసు వొదినా. మీ తమ్ముడు సెప్పిన నాడే తెలిసింది. కాని నీల్లని ఎలగ కొడతాను?"

అత్త ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తరవాత అమ్మ మిగిలిన మొక్కలకు నీళ్ళు పోసుకుంది, అత్త బస్సుకు టైమవుతోందని లోపలికి వెళ్ళింది.

అమ్మకు ఈగలంటే ఇష్టం ఎప్పటికీ కలగలేదు. పెట్టెలు కాలేజీలోనే ఉండిపోయాయి. అత్త రిటైరైన రోజు కూడా వాటిని ఇంటికి తేలేదు. కాని కొండకు వెళ్ళే ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె వెళ్ళే ముందు అమ్మే పులిహోర కట్టి ఇచ్చేది.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. రెండువేల సంవత్సరం దాటిన దగ్గర్నుంచి పిల్లల వార్డులోనే పని. ఇప్పుడు నా మోకాళ్ళు అరిగిపోయాయి, డ్యూటీ దిగేసరికి అడుగు పడదు. ఈ వార్డులో బిడ్డ పోయిన తల్లులు ఎవరో ఒకరిని తిడతారు. అత్తగారి దిష్టి అంటారు, పక్కింటావిడ పెట్టిన లడ్డూ అంటారు, నేను వేసిన సూది అంటారు. కొత్తగా చేరిన నర్సులు కాదని నచ్చజెప్పబోతారు. నేను వాళ్ళను పక్కకు పంపి ఆ తల్లి దగ్గర కూర్చుంటాను. మడతపెట్టాల్సిన బట్టలుంటే ఆమెతో కలిసి మడతపెడతాను. నన్ను తిట్టినా వింటాను. రిపోర్టులో ఏముందో చెప్పే రోజు వేరే వస్తుంది. ఈలోగా ఆమె బిడ్డ గురించి ఏదైనా చెప్పుకోవాలనుకుంటే వినడానికి ఒకరుండాలి. ఎంత అలిసిపోయి ఉన్నా ఆ కాసేపు నాకు లేచి ఇంటికి వెళ్ళబుద్ధి కాదు.