ఎదురుబొదురు బల్లలు

హాల్లోకి అడుగు పెట్టగానే వార్నిష్ వాసన ముక్కుకు తగిలింది. ఏసీ చలిలో, కొత్త రబ్బరు వాసనలో కలిసిపోయి ఉన్నా నా ముక్కు దాన్ని పోల్చుకుంది. కొచ్చిలో పెద్ద పడవల ప్రదర్శన జరుగుతోందని ఆ ఉదయం హోటల్లో పేపరు చూసి వచ్చాను. బ్యాంకు నుంచి రిటైరయ్యాక ఇలా ఒక్కదాన్నే ఊళ్ళు పట్టుకు తిరగడం అలవాటైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు మిగల్లేదు. పడవంటే నల్లగా, తారు వాసనేస్తూ, నీళ్ళలో ఉండాలని నా నమ్మకం. ఇక్కడ అన్నీ తెల్లగా, నున్నగా, పళ్ళెంలో పేర్చిన కొబ్బరి ముక్కల్లా తివాచీ మీద కూర్చున్నాయి. చుట్టుపక్కల ఎక్కడా చుక్క నీరు లేదు.

సరుకు మోసే పడవ ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు. అన్నీ సరదాకే. చప్పుడు చేయని కరెంటు మోటార్లు, గాలి కొట్టి పొంగించుకునే పడవలు, నీళ్ళ మీద మోటారు సైకిల్లా దూకే బళ్ళు. అన్నిటికన్నా ఎక్కువ జనం మూగింది ఒక్క మనిషి పట్టే ప్లాస్టిక్ పడవల దగ్గర. ఒక్కడే ఎక్కి, ఒక్కడే తెడ్డు వేసుకుని, ఒక్కడే దిగి, దాన్ని భుజాన పెట్టుకుని ఇంటికి పోవచ్చట. ఒంటరిగా ఉండడానికి కూడా పడవ కనిపెట్టారు కదా అని నవ్వొచ్చింది. నాకైతే దానికి పడవ అవసరం పడలేదు.

చివరి హాల్లో బల్లకట్టులాంటి పెద్ద పడవ ఒకటి ఉంది. పైన నీడ, కింద మెత్తటి సోఫాలు. ఆ సోఫాలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. కూర్చున్నవాళ్ళ వీపులు నీళ్ళకి, మొహాలు ఎదుటివాళ్ళకి. "ఇదేంటి, ఇట్టా పెట్టారు?" అని పైకే అనేశాను. పక్కన నిలబడ్డ సేల్స్ కుర్రాడి మొహం వెలిగింది. "తెలుగువారాండీ? మాది గన్నవరమండి," అన్నాడు. "ఇప్పుడు ట్రెండ్ ఇదేనండి మేడమ్. నీళ్ళు చూడ్డానికి ఎవరూ కొనట్లేదండి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోడానికి కొంటున్నారు. ఇళ్ళల్లో కుదరట్లేదు కదండీ మరి!"

ఇదే మాట నేను డెబ్భైల్లో విజయవాడలో విన్నాను. అన్నావిడ పేరు సువార్తమ్మ గారు. ఆవిడ మాటకి అప్పట్లో ఊరంతా నవ్వింది.

మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. వ్యవసాయం ఇల్లు. డిగ్రీ అయ్యి, టైపు పాసయ్యి, విజయవాడలో గది అద్దెకు తీసుకుని నేను చేరిన మొదటి ఉద్యోగం సువార్తమ్మ గారి పడవల ఆఫీసులో. ఆఫీసంటే ఏలూరు కాలువ గట్టు మీద ఒక రేకుల షెడ్డు, ముందు చిన్న రేవు. భర్త యోహాను గారు పోయాక ఆయన సరుకు పడవల వ్యాపారం ఆవిడే చూసుకునేది. పొడుగ్గా, తెల్లచీరలో, కళ్ళజోడుకి దారం కట్టుకుని ఉండేది. పిల్లలు లేరు. ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళేది కాదు. గొంతు మాత్రం అవతలి గట్టుకి వినిపించేది.

నాకంటే ముందు పనిచేసిన గుమాస్తా టైపు మిషను బల్లని గోడకి ఆనించి వేసుకున్నాడు. మొదటిరోజు మధ్యాహ్నం నేను అక్కడే క్యారియర్ విప్పుకుని, గోడ చూసుకుంటూ తింటున్నాను. ఊరు కొత్త. ఇంటివాళ్ళు మంచివాళ్ళే గానీ తలుపు వేసుకుని ఉండే రకం. పొద్దున్నుంచి నాతో ఎవరైనా మాట్లాడితే అది కండక్టరే. వెనక నుంచి సువార్తమ్మ గారి గొంతు వినబడింది.

"ఏందమ్మాయ్, గోడకి తినిపిస్తున్నావా?"

నేను గబుక్కున లేచాను. ఆవిడ రేవులో మనుషుల్ని కేకేసి, అప్పటికప్పుడు నా బల్ల ఎత్తించి తన బల్లకి ఎదురుగా వేయించింది. "అన్నం తినేటప్పుడు ఎదురుగా మనిషి ఉండాల. లేకపోతే ఎంత తిన్నామో తెలవదు," అని తన క్యారియర్ విప్పింది. మర్నాటి నుంచి నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ మొదటి ప్రశ్న, "పొద్దున ఏం తిన్నావమ్మాయ్?" ఇడ్లీ అండి అంటే సరిపోయేది కాదు. ఎక్కడ తిన్నావు, చట్నీ ఏంటి, వేడిగా ఉన్నాయా లేవా, అన్నీ చెప్పేదాకా కళ్ళు నా మొహం మీద నుంచి తీసేది కాదు. అప్పటిదాకా పొద్దున పూట కాఫీతో సరిపెట్టుకునే నేను, ఆవిడకి చెప్పడానికైనా ఉంటుందని ఏదో ఒకటి తినడం మొదలుపెట్టాను.

అప్పటికే కాలువ మీద బేరాలు పడిపోతున్నాయి. ధాన్యం, ఇటుక, కొబ్బరికాయలు అన్నీ లారీలెక్కేశాయి. ఆవిడ ఒక్కొక్క పడవే అమ్ముకుంటూ వచ్చి, చివరికి భర్తతో కాపురం చేసిన పడవ ఒక్కటే మిగుల్చుకుంది. ఒకరోజు ఉన్నట్టుండి దాన్ని షికారు పడవగా మారుస్తానంది. బ్యారేజీకి పైన, కృష్ణలో, ఎండాకాలం సాయంత్రాలు జనాన్ని తిప్పుతుందట. ఆలోచన బాగానే ఉందనిపించింది. వీరాచారి అనే వడ్రంగి మేస్త్రి వచ్చి కొలతలు తీస్తున్నప్పుడు మొదలైంది అసలు గొడవ.

"బల్లలు నీళ్ళవైపు తిప్పేస్తానండమ్మగారూ. గాలి తగుల్తది, కొండ కనిపిస్తది," అన్నాడాయన.

"లోపలికి తిప్పు ఆచారీ. ఎదురుబొదురుగా వెయ్యి."

"లోపలికంటే... జనం నీళ్ళకి వీపులు పెట్టి కూర్చుంటారాండీ?"

"వీపులు నీళ్ళకే. వెనక చెక్క కూడా కాస్త ఎత్తుగా వెయ్యి."

"మరి టిక్కెట్టు కొని ఎక్కేది ఏం చూడ్డానికండీ?"

"ఎదురుగా కూర్చున్నోళ్ళని."

వీరాచారి పెన్సిలు చెవి మీద పెట్టుకుని నా వంక చూశాడు, నువ్వన్నా చెప్పమ్మా అన్నట్టు. ఆయన వెళ్ళాక నేనూ అడిగాను. కాలువలో పుట్టి పెరిగిన మనిషికి నీళ్ళంటే మొహం మొత్తిందేమో అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తూ చెప్పింది.

"మా ఆయనా నేనూ ఆ పడవ మీదే కాపురం చేశాం. ఆయన చుక్కాని దగ్గర నిలబడేవాడు, నేను గూట్లో పొయ్యి దగ్గర. నేనేం చెప్పినా నీళ్ళ వంక చూస్తానే 'ఊ' అనేవాడు. ఆయన తప్పు కాదులే, కళ్ళు తిప్పితే పడవ గట్టుకి గుద్దుకుంటది. అన్నం కూడా నిలబడే తినేవాడు. పోయిన రోజున మొహం మీద గుడ్డ తీసి చూపించారు. అమ్మాయ్, ఆయన ఎడమ కంటి కింద పుట్టుమచ్చ ఉందని నాకా రోజే తెలిసింది." కళ్ళజోడు పెట్టుకుని, "నా పడవ ఎక్కినోళ్ళకి ఆ ఖర్మ వద్దు. నీళ్ళ వంక చూడ్డానికి సరంగు ఉంటాడుగా," అంది.

కృష్ణా కాలువలకి ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేస్తారు. ఆలోపు లాకులు దాటించి నదిలోకి చేర్చకపోతే, ఏ పడవైనా ఉన్నచోటే బురదలో కూర్చోవాలి. వార్నిష్ ఆరీ ఆరకుండానే మా పడవ లాకులు దాటి కృష్ణలో పడింది. సువార్తమ్మ గారు అంత సంబరపడగా నేనెప్పుడూ చూడలేదు. గట్టు మీద నిలబడి, ఎక్కేవాళ్ళందరినీ పెళ్ళివారిని పిలిచినట్టు పిలిచింది.

జనం ఎక్కారు. ఎక్కి, ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడ్డారు. మోకాళ్ళు మోకాళ్ళకి తగిలేంత దగ్గరగా కొత్తవాళ్ళ మొహాలు. కాలేజీ కుర్రాళ్ళు మెడలు తిప్పి తిప్పి చూసి, నొప్పులు పుట్టి దిగారు. ఒక పెద్దమనిషి "నీళ్ళ మీద కూడా రైలు పెట్టెలో కూర్చోబెట్టావేంటమ్మా" అని దెబ్బలాడాడు. దానికి 'పంచాయితీ పడవ' అని ఎవరు పేరు పెట్టారో గానీ, రేవులో అందరూ అదే పేరుతో పిలిచేవాళ్ళు. ఒక సాయంత్రం మాత్రం నాకు బాగా గుర్తు. నడివయసు దంపతులు ఏదో పోట్లాడుకుని వచ్చి, చెరో పక్కా ఎదురెదురుగా కూర్చున్నారు. చూపులు ఎక్కడ దాచుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. పడవ వెనక్కి తిరిగే వేళకి ఆ భార్య, "ఏంటి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర పట్టట్లేదా?" అంది. ఆయన తల దించుకున్నాడు. సువార్తమ్మ గారు నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ దంపతులు మళ్ళీ రాలేదు.

మరుసటి ఏడు, రేవుకి తిరిగొచ్చిన మా పడవ మళ్ళీ నదిలోకి వెళ్ళేలోపే, ఇంకెవరో పడవ దించారు. బల్లలన్నీ నీళ్ళవైపు, పైన మైకులో పాటలు. ముందుగా టిక్కెట్లు తీసుకునే స్కూళ్ళు, ఆఫీసులు అన్నీ అటే పోయాయి. ఒక్కరైనా వస్తే నదిలోకి తీసుకెళ్దామని సువార్తమ్మ గారు కాలువలకి నీళ్ళు ఆపే రోజు దాకా కాచుకుంది. నేను ఒక వరసని బయటికి తిప్పించమని బతిమాలాను. "అప్పుడది నా పడవెందుకవుతదమ్మాయ్?" అంది. ఎవరూ రాలేదు. నీళ్ళు ఆపేశారు. మా రేవు ముందే పడవ మెల్లగా కిందికి దిగి, బురదలో ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది.

ఆ వారమే నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చినట్టు కబురు వచ్చింది, అనంతపురంలో. పరీక్ష రాయమని వెంటపడిందీ ఆవిడే. ఆఖరి రోజు మధ్యాహ్నం, "క్యారియర్లు తీసుకుని రా," అని గట్టు మీద నుంచి చెక్క పలక వేసుకుని పడవలోకి దిగింది. ఒరిగిన బల్లల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ కాస్త ఎత్తులో, నేను కాస్త పల్లంలో. గిన్నెలు జారిపోకుండా కాళ్ళ మధ్య పెట్టుకున్నాం.

"ఇప్పుడు తిరిగి చూద్దామన్నా నీళ్ళు లేవులే," అని నవ్వింది. కాసేపు తిన్నాక నా మొహంలోకి చూసి, "నీ గడ్డం కింద ఆ గాటేంది?" అంది.

"చిన్నప్పుడు గాదె మెట్ల మీద పడ్డానండి."

"ఎవరన్నా తోశారా, నువ్వే పడ్డావా?"

అంతా చెప్పించుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ గాటు గురించి తర్వాత నన్నింకెవరూ అడగలేదు.

పడవని కట్టెలకి అమ్మేసిందని తర్వాత తెలిసింది. రెండు బల్లలు మాత్రం ఊడదీయించి వరండాలో ఎదురుబొదురుగా వేయించుకుంది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఒక దాని మీద ఆవిడ ఉండేది, రెండోది ఖాళీగా. నేను కూర్చోగానే, "పొద్దున ఏం తిన్నావు?" కొన్నేళ్ళకి ఆవిడ పోయిందని కబురొస్తే రాత్రి బస్సెక్కి వచ్చాను. చర్చి ఆవరణలో మొహం మీద గుడ్డ తీసి చూపించారు. నుదుటి మీద ముడతలు, కళ్ళజోడు ఒరుసుకున్న మచ్చలు, పై పెదవి మీద సన్నటి నూగు. నాకు కొత్తగా కనిపించింది ఏమీ లేదు. అన్నీ నాకు తెలిసినవే.

ఉద్యోగంలో ఏ ఊరు వెళ్ళినా ముందు నా బల్ల మనుషులవైపు తిప్పించుకున్నాను. ఇంట్లో ఇప్పటికీ భోజనాల బల్ల దగ్గర రెండు కుర్చీలే, ఎదురెదురుగా. ఒకటి కొత్తదానిలా అలాగే ఉండిపోయింది.

ఇదంతా ఆ గన్నవరం కుర్రాడికి చెప్పలేదు. సోఫాలో కూర్చుని, "నువ్వూ కూర్చో బాబూ," అన్నాను. "మేం కూర్చోకూడదండి," అంటూనే అటూ ఇటూ చూసి ఎదురుగా కూర్చున్నాడు.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఆఁ... ఏదో తిన్నానండి," అన్నాడు. కళ్ళు మాత్రం దారి మీదే ఉన్నాయి, కస్టమర్లెవరైనా వస్తారేమోనని. అతని తప్పు కాదు. నేను అతని మొహం మీద నుంచి చూపు తీయలేదు. కాసేపటికి, ఇంకా జవాబు కోసం చూస్తున్నానని తెలిసి, అతను ఇటు తిరిగాడు. "నిజానికి ఏం తినలేదండి. నాలుగింటికే వచ్చేశాం, ఇవన్నీ తుడవాలి కదండీ," అన్నాడు. తర్వాత, మొదటిసారి నన్ను నిజంగా చూస్తూ, "మీరు తిన్నారాండీ?" అన్నాడు.

ఇడ్లీ అని ఊరుకోలేదు. హోటల్లో తిన్నానని, చల్లారిపోయాయని, కొబ్బరి చట్నీలో ఉప్పు తక్కువైందని, ఎదుటి కుర్చీని పక్క టేబుల్ వాళ్ళు అడిగి తీసుకెళ్ళారని, అన్నీ చెప్పాను. అతను విన్నాడు. ఈలోపు ఎవరో పిలిచారు. "ఒక్క నిమిషమండి," అని లేచి పరుగెత్తాడు. అతను కూర్చున్న చోట సోఫా గుంటపడి ఉంది. అది మెల్లగా పొంగి మళ్ళీ కొత్తదానిలా అయ్యేదాకా చూస్తూ కూర్చుని, తర్వాత లేచాను.