దెల్ఫినాకు తొమ్మిది సాయంత్రాలు

మా నది ఒడ్డు ఊరు మోంపోస్‌లో ఎవరు పోయినా ఆ ఇంట తొమ్మిది సాయంత్రాలు ప్రార్థన నడిపేది సెబాస్తియానా. ఆమె గొంతు వినకుండా మా వీధిలోంచి ఒక్క ఆత్మా కదల్లేదు.

మా ఎదురింటి ఒమైరా కార్తహేనా నగరంలో ఎమ్మే చదువుతూ, వ్యాసం కోసం పాత పత్రికలు తిరగేసింది. పదహారేళ్ల చదువులో ఒక్క కవయిత్రి పేరూ ఎవరూ చెప్పలేదట ఆ పిల్లకి. ఇప్పుడేమో గుంపుగా దొరికారు, పేర్లు లేకుండా: ‘ఒక సోదరి’, ‘ఫలానా వారి విధవ’. ‘ఒక భక్తురాలు’ రాసిన పద్యం దగ్గర మాత్రం ఒమైరా ఆగిపోయింది. ‘నీళ్లు తోవ మరచిపోవు, నువ్వూ మరవకు.’ వాళ్ల నాన్న పోయినప్పుడు సెబాస్తియానా పాడింది అదే.

సెలవు పెట్టి పడవెక్కి వచ్చేసింది.

“ఇది ఎవరు రాశారు పెద్దమ్మా?”

సెబాస్తియానా చేప పొలుసు గీకుతూ తలెత్తలేదు. “చదువుకున్నదానివి, నన్నడుగుతావేం?”

“పేరు లేకపోతే ఆవిణ్ణి వ్యాసంలోంచి తీసెయ్యమంటున్నారు మా మేష్టారు.”

“తీసెయ్. దానికి అలవాటే.”

“దానికా? అంటే నీకు తెలుసన్నమాట.”

కత్తి ఆగింది. “మా మేనత్త దెల్ఫినా. ఆ పాట రాసిందీ, నాకు నేర్పిందీ అదే. ఓ పొద్దున నదిలోకి నడిచి వెళ్లిపోయింది. అలాంటి చావుకి ప్రార్థన కూడదన్నారు ఫాదర్‌గారు. ఊరందరికీ దాని పాట పాడాను, దానికి తప్ప. సాగనంపని ఆత్మని పేరు పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటుందే పిల్లా. నువ్వు రాస్తావు, ఎవడో చదువుతాడు, అది లేచొస్తుంది.”

“అయితే ముందు సాగనంపుదాం.”

మొదటి సాయంత్రం సెబాస్తియానా ఇంట్లో వాళ్లిద్దరూ, నేనూ, ముగ్గురం. తొమ్మిదోనాటికి కుర్చీలు చాలక వంటింటి పీటలు కూడా తెచ్చాం. ఆఖరున పువ్వులూ, కొవ్వొత్తులూ, ఆత్మకి పెట్టిన గ్లాసుడు నీళ్లూ తీసేసి, బల్లమీద పరిచిన తెల్లగుడ్డ మడిచి, పోయినవాళ్లని పేరుతో పిలిచి ‘ఇక వెళ్లు’ అనాలి. అది అయినవాళ్ల పని. సెబాస్తియానా ఆ గుడ్డ అంచు ఒమైరా చేతిలో పెట్టింది.

“వెతికింది నువ్వు. నువ్వే చెప్పు.”

ఒమైరా గుడ్డ మడిచింది. “దెల్ఫినా,” అంది. తర్వాతి మాట కోసం అందరం చూశాం. గదిలో తడిమట్టి వాసన వేసింది. బయట వాన లేదు.

ఆ పిల్ల మడిచిన గుడ్డ పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

“వెళ్లమనలేదేం?” గొణిగింది సెబాస్తియానా.

“ఇప్పుడేగా పెద్దమ్మా దొరికింది.”

ఇప్పుడు వ్యాసంలో దెల్ఫినా పేరుంది. ఒమైరా కార్తహేనాలోని తన అద్దెగదిలో ఆ పద్యం తప్పు చదివితే వెనకనుంచి ఎవరో మెల్లగా సరిదిద్దుతారట. భయం వెయ్యదా అని అడక్కుండా ఉండలేకపోయాను. వేస్తుందంది. ఆ గది మాత్రం మారలేదు.